బీరు కాచే నీళ్ళు: ఆర్‌ఓ నీళ్ళు పట్టి నిలవ చేయడం ఎలా

శనివారం పొద్దున్నే లేచి మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) మర పట్టుకుంటారు. స్టవ్ మీద పెద్ద గిన్నె ఎక్కించి, సింకు పక్కనున్న ఆర్‌ఓ ట్యాప్ తిప్పుతారు. మొదటి రెండున్నర గాలన్లు బాగానే వస్తాయి. ఆ తర్వాత ధార సన్నబడి దారమవుతుంది, చివరికి చుక్కలు. మీకు కావాల్సింది ఎనిమిది గాలన్లు. మిగతా నీళ్ళ కోసం కూర్చుంటే మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోతుంది.

నా మొదటి ఆర్‌ఓ బ్రూ సరిగ్గా ఇలాగే జరిగింది. ఓపిక లేక సగం ఆర్‌ఓ నీళ్ళు, సగం కుళాయి నీళ్ళు కలిపి కానిచ్చేశాను. ఐదు వారాల తర్వాత సీసా మూత తీస్తే గాయాలకు కట్టు కట్టే గదిలోకి అడుగు పెట్టినట్టు వాసన. రెండు డజన్ల సీసాలు సింకులో పోశాను. తప్పు మాల్ట్‌ది కాదు, ఈస్ట్‌ది కాదు, కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి కలిపే క్లోరమిన్‌ది. అప్పటినుంచి బ్రూ డే కి, అంటే బీరు కాచే రోజుకి, రెండు రోజుల ముందే నీళ్ళు పట్టి దాచడం మొదలుపెట్టాను. దాచడంలో చేసిన పొరపాట్లు ఇంకో కథ. అవి మీరు చేయకుండా ఉండటానికే ఇదంతా.

మేము ఉండేది టెక్సస్‌లో, డల్లాస్ పక్కన ప్లేనోలో. ఇక్కడి డబ్బాలు, రెసిపీలు అన్నీ గాలన్లలోనే ఉంటాయి కాబట్టి నేనూ గాలన్లలోనే చెబుతాను. ఒక గాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు.

మొదలుపెట్టే ముందు చట్టం సంగతి. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం దారి తెరిచింది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, ఒక్కరే ఉంటే 100 గాలన్లు. అమ్మకూడదు. రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి. అలబామా, మిసిసిపీ అయితే 2013లో గానీ ఒప్పుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడం ఎక్సైజ్ నేరం. అక్కడున్నవాళ్ళు దీన్ని తాగే నీళ్ళ క్యాన్ల జాగ్రత్తల కోసం చదువుకోండి, చాలావరకు పనికొస్తుంది.

ఒకటి: ఎన్ని నీళ్ళు కావాలో లెక్క వేయండి

ఐదు గాలన్ల బీరుకు ఐదు గాలన్ల నీళ్ళు చాలవు. పది పౌండ్ల మాల్ట్ తన బరువుకు దాదాపు సమానంగా నీళ్ళు పీల్చుకుని వదలదు, అక్కడ గాలన్ పైన పోయింది. గంటసేపు మరిగిస్తే ఇంకో గాలన్ ఆవిరి. గిన్నె అడుగున హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు) ముద్దతో కలిసి అర గాలన్ మిగిలిపోతుంది. మొత్తం సుమారు 7.7 గాలన్లు. ఎనిమిది అనుకోండి. శానిటైజర్ కలపడానికి, చివర్లో కొలత తగ్గితే కలుపుకోవడానికి ఇంకో గాలన్ ఉంచుకోండి. అంటే తొమ్మిది.

మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో, అంటే షాపులో దొరికే మాల్ట్ పాకంతో, కాచేవాళ్ళకు అంత అక్కర్లేదు. ఆరు, ఆరున్నర గాలన్లతో సరిపోతుంది.

రెండు: నీళ్ళు ఎక్కడివో తేల్చుకోండి

మూడు దారులు ఉన్నాయి. ఇంట్లో సింకు కింద ఆర్‌ఓ ఉంటే అదే. లేకపోతే కిరాణా షాపుల గుమ్మం దగ్గర ఉండే నీళ్ళ మిషన్‌లో మీ క్యాన్ నింపుకోవచ్చు. అదీ వద్దనుకుంటే సీలు వేసిన గాలన్ సీసాలు కొనుక్కోవచ్చు. ఈ మూడో దారిలో లేబుల్ చదవడం ముఖ్యం. 'డిస్టిల్డ్' అని ఉంటే అందులో ఖనిజాలు దాదాపు శూన్యం. 'స్ప్రింగ్ వాటర్' అంటే ఊట నీళ్ళు, వాటిలో ఏ ఖనిజం ఎంతుందో సీసా మీద తరచుగా ఉండదు. 'డ్రింకింగ్ వాటర్' అని మాత్రమే రాసుంటే, రుచి కోసం ఉప్పులు కలిపి ఉండవచ్చు, వెనకవైపు చిన్న అక్షరాలు చూడండి. బ్రూయింగ్‌కి డిస్టిల్డ్ గానీ, ఆర్‌ఓ చేసినట్టు స్పష్టంగా రాసినది గానీ తీసుకోండి.

మిషన్ నీళ్ళు వాడేవాళ్ళు జేబులో ఒక టీడీఎస్ మీటర్ పెట్టుకుంటే మంచిది. పెన్ను సైజులో ఉంటుంది, పది పదిహేను డాలర్లకు దొరుకుతుంది. కుళాయి నీళ్ళు 300 పీపీఎం (పది లక్షల భాగాల్లో 300) చూపిస్తుంటే, మంచి ఆర్‌ఓ నీళ్ళు 15 నుంచి 30 లోపు చూపించాలి. మిషన్ నీళ్ళు 100 చూపిస్తే లోపల మెంబ్రేన్ (ఉప్పుల్ని ఆపే పొర) పని అయిపోయినట్టే, ఇంకో షాపుకు వెళ్ళండి. అయితే ఈ మీటర్‌ని నెత్తిన పెట్టుకోకండి. నీళ్ళలో కరిగిన ఉప్పుల సంగతి తప్ప దానికి ఇంకేమీ తెలియదు. క్లోరిన్ వాసన దానికి పట్టదు, బాక్టీరియా అసలే కనపడదు.

కుళాయి నీళ్ళే వాడితే ఏమవుతుంది అని అడిగేవాళ్ళ కోసం ఒక మాట. మా ప్రాంతంలో ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్ లాంటి ఊళ్ళకు నీళ్ళిచ్చేది నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్. ఏడాదిలో ఎక్కువ భాగం క్లోరిన్‌కి అమ్మోనియా కలిపి క్లోరమిన్‌గా వాడతారు. వసంతం మొదట్లో ఒక నెలపాటు అమ్మోనియా ఆపేసి ఉత్త క్లోరిన్ పంపి పైపులు శుభ్రం చేస్తారు, ఆ రోజుల్లో స్నానం చేస్తుంటే స్విమ్మింగ్ పూల్ గుర్తొస్తుంది. ఉత్త క్లోరిన్ అయితే మూత తీసి రాత్రంతా ఉంచినా, కాసేపు మరిగించినా ఎగిరిపోతుంది. క్లోరమిన్ అలా పోదు, మొండిది. మాల్ట్ నుంచీ ఈస్ట్ నుంచీ వచ్చే ఫినాల్స్ అనే పదార్థాలతో కలిసి క్లోరోఫినాల్స్ అవుతుంది. నేను పారబోసిన సీసాల్లో కంపు అదే. చిటికెడంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది.

దీనికి విరుగుడు క్యాంప్‌డెన్ బిళ్ళ, అంటే సల్ఫైట్ బిళ్ళ. ఒక బిళ్ళ 20 గాలన్లకు సరిపోతుంది. ఎనిమిది గాలన్లకు అర బిళ్ళ పొడి చేసి వేసి కలిపితే కొద్ది నిమిషాల్లో క్లోరమిన్ పని అయిపోతుంది. స్టౌట్ అనే నల్లటి బీరు చేసేటప్పుడు నేను ఇప్పటికీ ఇదే చేస్తాను, ఆర్‌ఓ జోలికి పోను. కుళాయి నీళ్ళలోని బైకార్బొనేట్ ఆ వేయించిన మాల్ట్ పులుపుకి సరిగ్గా సరిపోతుంది. లేత రంగు బీర్లకు మాత్రం ఆర్‌ఓ తేడా నాలుక మీద తెలుస్తుంది.

మూడు: క్యాన్లు ఎంచుకోండి

ఇక్కడ ఒక విషయం అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఊరి నీళ్ళలో క్లోరిన్ ఉన్నంతసేపు దానికి కాపలా ఉన్నట్టు. ఆర్‌ఓలోని కార్బన్ ఫిల్టర్ ముందుగా ఆ క్లోరిన్‌నే తీసేస్తుంది, ఎందుకంటే అది వెళ్ళి మెంబ్రేన్‌ని పాడు చేస్తుంది. అంటే మీ క్యాన్‌లోకి పడే నీళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నా కాపలా లేని ఇల్లే. క్యాన్ గోడ మీద, కుళాయి మరల్లో, మీ వేళ్ళ మీద ఉన్న సూక్ష్మజీవి ఏది పడినా దాన్ని ఆపేవాళ్ళు ఉండరు.

అందుకే పాల డబ్బాలు వద్దు. ఎంత కడిగినా పాల ప్రొటీన్ పూర్తిగా పోదు, అది సూక్ష్మజీవులకు మేత. పండ్లరసం సీసాలూ అంతే. పచ్చడి డబ్బాల గురించి చెప్పనక్కర్లేదు, ఆవకాయ వాసన ప్లాస్టిక్‌ని జన్మలో వదలదు.

అడుగున త్రికోణంలో 1 లేదా 2 అంకె ఉన్న ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ క్యాన్లు తీసుకోండి. 2 అంటే హెచ్‌డీపీఈ, గట్టిది, నేను వాడేది అదే. కార్బాయ్ అనే పెద్ద గాజు సీసా అందంగా ఉంటుంది, వాసన పట్టదు, కానీ తడి చేత్తో జారితే ఎమర్జెన్సీ గదికి పరుగే. ఉన్నవాళ్ళు వాడుకోండి, కొత్తగా కొనేవాళ్ళకు నేను చెప్పను.

సైజు విషయంలో నా మాట వినండి: మూడు గాలన్ల క్యాన్లు మూడు కొనండి. ఐదు గాలన్ల క్యాన్ నిండితే 19 కిలోలు, ఏడు గాలన్లది 26 కిలోల పైన. దాన్ని నేల మీంచి స్టవ్ ఎత్తుకు లేపి గిన్నెలోకి వంపాలి. నలభై దాటిన నడుముకి అది మంచిది కాదు. మూడు గాలన్లది 11 కిలోల చిల్లర, ఒక బియ్యం సంచి బరువు. చెయ్యి పట్టేంత వెడల్పు మూతి ఉంటే ఇంకా మంచిది, లోపల తోమొచ్చు.

రాగి బిందెలో పోస్తే ఆరోగ్యం కదా అని మా మామయ్యగారు అడిగారు. ఆర్‌ఓ నీళ్ళను రోజుల తరబడి రాగిలోనో ఇత్తడిలోనో ఉంచకండి. ఖనిజాలు లేని నీళ్ళు లోహాన్ని కరిగించుకోవడానికి ఎదురుచూస్తుంటాయి.

నాలుగు: కడగండి, తర్వాత శానిటైజ్ చేయండి

ఇవి రెండు వేరు పనులు. మురికి ఉన్నచోట శానిటైజర్ పని చేయదు.

కడగడానికి వాసన లేని ఆక్సిజన్ క్లీనర్ గానీ, బ్రూయింగ్ షాపుల్లో దొరికే పీబీడబ్ల్యూ అనే పొడి గానీ వాడండి. గాలన్ గోరువెచ్చని నీళ్ళకు ఒక టేబుల్ స్పూను. అరగంట నానబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, జారుడు పోయేదాకా కడగాలి. గరుకు పీచు పెట్టి తోమకండి. ప్లాస్టిక్ మీద పడే సన్నటి గీతల్లోనే పాచి దాక్కుంటుంది. గిన్నెలు తోమే సువాసన సబ్బు కూడా వద్దు, నిమ్మకాయ వాసన నెలల తరబడి వస్తూనే ఉంటుంది.

క్యాన్‌కి కుళాయి ఉంటే దాన్ని విప్పండి. మరల మధ్య ఏముందో చూస్తే మీకే అర్థమవుతుంది. మా ఇంట్లో ఒక క్యాన్ నీళ్ళు రెండో రోజుకే మట్టి వాసన కొట్టేవి. క్యాన్ మూడుసార్లు కడిగాను, ఫిల్టర్లు మార్చాను, చివరికి కుళాయి విప్పితే రబ్బరు వాషర్ వెనక నల్లటి జిగురు. ఇప్పుడు కుళాయి లేని క్యాన్లే వాడుతున్నాను.

శానిటైజ్ చేయడానికి నా ఓటు స్టార్ శాన్‌కి. ఐదు గాలన్లకు ఒక ఔన్సు, అంటే లీటరుకు ఒకటిన్నర మిల్లీలీటర్ల చొప్పున. క్యాన్‌లో ఒక లీటరు పోసి మూత పెట్టి, అన్ని గోడలకూ తగిలేలా ఊపి, రెండు నిమిషాలాగి వంచేయండి. నురగ మిగిలితే భయపడకండి, కడగనక్కర్లేదు. దీన్ని ఆర్‌ఓ నీళ్ళలో కలిపితే స్వచ్ఛంగా ఉండి చాలా రోజులు పనికొస్తుంది. కుళాయి నీళ్ళలో కలిపితే తెల్లగా మసకబారుతుంది.

అది దొరక్కపోతే మామూలు బ్లీచ్. వాసన కలపనిది, జెల్ కానిది చూసుకోండి. లీటరు నీళ్ళకు ఒక టీస్పూను. క్యాన్‌లో పోసి ఊపి, కనీసం అర నిమిషం ఉంచి పారబోసి, పూర్తిగా ఆరనివ్వాలి. బీరు నీళ్ళకైతే ఆరాక ఆర్‌ఓ నీళ్ళతో రెండుసార్లు తొలిచి, మూతి దగ్గర ముక్కు పెట్టి చూడండి. క్లోరిన్ వాసన కొంచెం వచ్చినా మళ్ళీ తొలవండి, లేకపోతే ఇంత కష్టపడి తీసేసిన క్లోరిన్‌ని మనమే తిరిగి పోసినట్టవుతుంది. ఇంకొకటి, ఇది మాత్రం మరవొద్దు: బ్లీచ్‌ని స్టార్ శాన్‌తోనూ వెనిగర్‌తోనూ కలపకండి. రెండూ ఆమ్లాలే, బ్లీచ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది. ఒకటి వాడిన క్యాన్‌ని బాగా కడిగాకే రెండోది తీయండి.

వెంటనే నింపకపోతే క్యాన్ బోర్లించి ఆరబెట్టండి. అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు నా క్యాన్లు నిలబెట్టి ఉండటం చూసి, "బిందె బోర్లించకపోతే పాచి పట్టదట్రా?" అని అన్నీ గుడ్డ మీద తిరగేసింది. ఆవిడకు బీరు సంగతి చెప్పలేదు. మొక్కలకు అన్నాను.

ఐదు: నీళ్ళు పట్టండి

ఆర్‌ఓ పెట్టె మీద 'రోజుకు 50 గాలన్లు' అని రాసుంటుంది. అది 77 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనం, మంచి ప్రెషర్ ఉన్నప్పటి లెక్క. చలికాలంలో పైపుల్లో నీళ్ళు చల్లబడితే బాగా తగ్గుతుంది. ట్యాంకు నిండుతున్న కొద్దీ లోపలి ప్రెషర్ ఎదురు తోసి ఇంకా తగ్గిస్తుంది. లెక్క ప్రకారం గంటకు రెండు గాలన్లు రావాలి, మా ఇంట్లో గాలన్ పావు వస్తే గొప్ప.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది ట్యాంకు వాల్వ్ మూసేసి, ట్యాప్ తెరిచి, సన్నటి ఫుడ్ గ్రేడ్ ట్యూబ్‌తో నేరుగా క్యాన్‌లోకి వదలడం. వేగం కాస్త పెరుగుతుంది. మొదటి అర లీటరు పారబోయండి, ఆగి ఉన్న మెంబ్రేన్ మొదట్లో కొంచెం ఎక్కువ ఉప్పులు వదులుతుంది. ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదం నిద్ర. రాత్రి పదకొండింటికి ట్యూబ్ పెట్టి 'ఒక అరగంట పడుకుని లేస్తా' అనుకున్నాను. లేచేసరికి ఐదున్నర. వంటగది చెక్క ఫ్లోర్ ఉబ్బి, ఇప్పటికీ సింకు ముందు నడిస్తే కిర్రుమంటుంది. మా ఆవిడ ఆ చప్పుడు విన్నప్పుడల్లా నన్ను చూస్తుంది. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు క్యాన్‌ని సింకులోనే పెట్టండి, పొంగినా డ్రెయిన్‌లోకే పోతుంది. లేదా నిండగానే తనంతట తాను మూసుకునే ఫ్లోట్ వాల్వ్ బిగించుకోండి.

రెండో పద్ధతి ఇప్పుడు నేను చేసేది. నాలుగు గాలన్లని చెప్పే ట్యాంకులో నిజంగా పట్టేది మూడు లోపే. దాన్ని గురువారం రాత్రి, శుక్రవారం పొద్దున, శుక్రవారం రాత్రి, శనివారం పొద్దున ఖాళీ చేస్తే, ఒక్కోసారి రెండున్నర చొప్పున పది గాలన్లు. మధ్యలో అది తన తీరిక మీద నిండుతుంది. ఎవరూ కాపలా కాయక్కర్లేదు, ఫ్లోర్ ఉబ్బదు.

పట్టేటప్పుడు ట్యూబ్ చివర శానిటైజర్‌లో ముంచి పెట్టండి, క్యాన్ మూతి లోపల చెయ్యి పెట్టకండి, మూతి దాకా నింపి వెంటనే మూత బిగించండి. క్యాన్ మీద మాస్కింగ్ టేప్ అంటించి తేదీ రాయండి. వారం తర్వాత ఏ క్యాన్ ఎప్పటిదో ఎవరికీ గుర్తుండదు. గ్యారేజ్‌లో తోటకు నీళ్ళు పెట్టే గొట్టంతో మాత్రం ఎప్పుడూ పట్టకండి. ఆ రబ్బరు వాసన బీరులో అలాగే దిగుతుంది.

డ్రెయిన్‌లోకి పోయే నీళ్ళ మీద కూడా ఒక కన్ను వేయండి. పాత ఆర్‌ఓలు ఒక గాలన్ మంచి నీళ్ళకు మూడు నాలుగు గాలన్లు వదిలేస్తాయి. ఆ గొట్టాన్ని బకెట్‌లోకి మళ్ళిస్తే బట్టలకో నేల తుడవడానికో వస్తాయి. పది గాలన్ల బీరు నీళ్ళంటే ముప్పై నలభై గాలన్లు అలా పోతున్నట్టు. మొదటిసారి కొలిచినప్పుడు సిగ్గేసింది.

ఆరు: చోటు

చీకటి, చల్లదనం, మంచి పొరుగు. ఈ మూడూ చూసుకోండి.

ఎండ తగిలితే పాచి పడుతుంది. వేడి తగిలితే నీళ్ళు ప్లాస్టిక్ రుచి పడతాయి. ఇక మూడోది చాలామందికి తట్టదు. హెచ్‌డీపీఈ గోడలోంచి పెట్రోలు, పెయింటు ఆవిర్లు నెమ్మదిగా లోపలికి చేరగలవు. మన గ్యారేజ్‌లో లాన్ మోయర్ పెట్రోలు డబ్బా, పురుగుల మందు, పెయింటు డబ్బాలు, అన్నీ ఒకే అరలో ఉంటాయి కదా, వాటి పక్కన నీళ్ళు పెట్టకండి. అదీ కాక టెక్సస్ ఆగస్టులో గ్యారేజ్ అంటే ఆవిరి పాత్రే. నేను బట్టల గది కింది అరలో పెడతాను. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండేది ఆ మూలే. ఉల్లిపాయలు, వెల్లుల్లి ఉన్న ప్యాంట్రీ కూడా వద్దు.

ఏడు: ఎన్నాళ్ళు ఉంచొచ్చు

సీలు తీయని షాపు సీసాలకు తేదీ లేబుల్ మీదే ఉంటుంది. ఇంట్లో పట్టిన వాటికి నేను పెట్టుకున్న నియమం ఇది: గది వేడిలో మూడు రోజులు, చల్లటి చీకటి మూలలో వారం. వారం దాటితే బీరుకి వాడను. తాగడానికి అత్యవసరంగా దాచుకునే నీళ్ళ సంగతి వేరు, అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ అలాంటి వాటిని ఆరు నెలలకొకసారి మార్చమంటుంది. కానీ ఆ సలహా ఆపద కోసం. మనం రుచి కోసం దాస్తున్నాం.

వాడే ముందు ఒక గ్లాసులో పోసి వెలుతురుకి పట్టి చూడండి, వాసన చూడండి, ఒక గుక్క తాగండి. తడి మట్టి వాసన, బురద వాసన, తేలే పొర, ఏది ఉన్నా పారబోయండి. ఖాళీ అయ్యాక క్యాన్ లోపల వేలితో రుద్ది చూడండి. నున్నగా జారితే అది పాచి మొదలు, నాలుగో మెట్టు మళ్ళీ మొదటినుంచి చేయండి.

నీళ్ళు పుల్లగా మారాయేమో అని పీహెచ్ పట్టీ ముంచి టెన్షన్ పడేవాళ్ళు ఉంటారు. ఆర్‌ఓ నీళ్ళు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి ఆరు కిందకి దిగడం మామూలే. ఖనిజాలు లేవు కాబట్టి ఆ పులుపులో బలం ఉండదు, మాల్ట్ పడగానే పోతుంది.

ఫిబ్రవరి 2021లో మంచు తుఫాను వచ్చి టెక్సస్ గడ్డకట్టినప్పుడు చాలా ఊళ్ళలో నీళ్ళు కాచి తాగమన్నారు, చాలా ఇళ్ళలో పైపులు పగిలాయి. మా ఇంట్లో ఆ వారం బ్రూ కోసం పట్టిన తొమ్మిది గాలన్లు ఉన్నాయి. అన్నం, పప్పు, టీ, అన్నీ వాటితోనే గడిచాయి. ఆ నెల బీరు లేదు, ఎవరూ అడగలేదు.

ఎనిమిది: బ్రూ డే

ఇక్కడ నీళ్ళను రెండుగా విడదీయండి: గంటసేపు మరిగేవి, అసలు మరగనివి. మొదటి వాటి గురించి అతిగా భయపడక్కర్లేదు. వాసన బాగుంటే నాలుగు బాక్టీరియాలు ఉన్నా మరుగుతో చస్తాయి. అసలు జాగ్రత్త రెండో రకానికి. వర్ట్ (ఇంకా పులియని మాల్ట్ రసం) చల్లబడ్డాక కొలత తగ్గిందని పైన పోసే నీళ్ళు, ఎండు ఈస్ట్ నానబెట్టే నీళ్ళు, ఇవి నేరుగా ఫెర్మెంటర్‌లోకి, అంటే పులియబెట్టే పాత్రలోకి, పోతాయి. చల్లటి తియ్యటి వర్ట్ కంటే సూక్ష్మజీవికి విందు ఇంకోటి లేదు. ఈ నీళ్ళను ముందురోజు రాత్రి తెర్లేదాకా మరిగించండి. మన ఊరి ఎత్తులో ఒక్క నిమిషం చాలు. డెన్వర్‌కి పడమర కొండల మీద, 6,500 అడుగుల పైన ఉన్నవాళ్ళు మూడు నిమిషాలు మరిగించాలి. శానిటైజ్ చేసిన సీసాలో పోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎక్స్‌ట్రాక్ట్‌తో సగం నీళ్ళే మరిగించేవాళ్ళకు దీంతో ఇంకో లాభం, వేడి వర్ట్ తొందరగా చల్లబడుతుంది. ఫ్రిజ్ డోర్‌లోంచి వచ్చే ఐస్ ముక్కలు మాత్రం వేయకండి. ఐస్ పెట్టె ఎవరైనా ఎప్పుడైనా కడిగారా, గుర్తు తెచ్చుకోండి.

ఖనిజాలు ఈ రోజే కలపాలి, క్యాన్‌లో ముందుగా కాదు. ముందే కలిపితే జిప్సం (కాల్షియం సల్ఫేట్) అడుగున పేరుకుంటుంది, పైగా ఈ వారం పిల్స్‌నర్ రకం బీరు అనుకుని వచ్చే వారానికి ఐపీఏ రకం అనిపిస్తే ఆ నీళ్ళు పనికిరావు. ఖాళీ పలకలాంటి నీళ్ళు దాచడంలో సుఖమే అది.

ఎక్స్‌ట్రాక్ట్ వాడేవాళ్ళు ఏమీ కలపకండి. తయారీదారుడు వాడిన నీళ్ళలోని ఖనిజాలు ఆ పాకంలోనే ఉంటాయి. మాల్ట్ నానబెట్టి చేసేవాళ్ళకు కాల్షియం కావాలి, కనీసం 50 పీపీఎం పెట్టుకోండి. ఎనిమిది గాలన్లకు 4 గ్రాముల కాల్షియం క్లోరైడ్, 2 గ్రాముల జిప్సం వేస్తే కాల్షియం సుమారు 50, క్లోరైడ్ 64, సల్ఫేట్ 37 పీపీఎం వస్తాయి. ఏల్ అనే రకం బీర్లలో మామూలు లేత రంగు దానికి ఇది చాలు. చేదు పదునుగా తేలాలంటే జిప్సం పెంచండి, ఇంగ్లండ్‌లో బర్టన్ ఊరి ఏల్స్ పేరు తెచ్చుకున్నది జిప్సం నిండిన బావి నీళ్ళతోనే. పిల్స్‌నర్‌కి ఇంకా తగ్గించవచ్చు, 1842లో ఆ బీరు పుట్టిన, ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్ ఊరి నీళ్ళు దాదాపు మన ఆర్‌ఓ నీళ్ళంత మెత్తనివి. జిప్సం వేడి నీళ్ళలో సరిగా కరగదు, చల్లగా ఉన్నప్పుడే వేసి కలియబెట్టండి. గ్రాముల్లో పదో వంతు చూపించే చిన్న తూకం కొనుక్కోండి, చెంచా కొలతలతో ఇది కుదరదు.

మ్యాష్ (వేడి నీళ్ళలో నానే మాల్ట్) కలిపిన పది నిమిషాలకు పీహెచ్ చూడండి. 5.2 నుంచి 5.6 మధ్య ఉంటే ముట్టుకోకండి. లేత మాల్ట్‌తో ఎక్కువ చూపిస్తే లాక్టిక్ ఆమ్లం ఒకటి రెండు మిల్లీలీటర్లు వేసి మళ్ళీ చూడాలి.

కొన్ని నీళ్ళు మిగులుతాయి, మిగలాలి కూడా. వాటితో కందిపప్పు ఉడకబెట్టి చూడండి. కాల్షియం ఉన్న నీళ్ళలో మొరాయించే పప్పు ఇందులో ఒక విజిల్ ముందే మెత్తబడుతుంది. మా ఇంట్లో బ్రూ డే రాత్రి భోజనం ఎప్పుడూ ముద్దపప్పు, ఆవకాయ. బీరు తయారవడానికి ఇంకా ఐదు వారాలు పడుతుంది కదా. ఖాళీ క్యాన్లు తొలిచి, మూతలు తీసి, గుడ్డ మీద బోర్లించి, పాత టేపు పీకేయండి.